గౌతమి ఈవలి గట్టున యాత్రికుడికి ఏముంది?

ప్రచారపు కాగితాల్లో కోనసీమ అంటే దిండి. పర్యాటక సంస్థ రిసార్టు, హౌస్‌బోట్లు, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, కింద ‘ఆంధ్రా కేరళ’ అని ఒక బిరుదు. ఆ బిరుదు ఇచ్చినవాళ్ళు పొగిడామనే అనుకుని ఉంటారు. ఇంకో ప్రాంతం పేరు అరువు తెచ్చుకుంటే తప్ప మన ప్రాంతాన్ని పొగడలేకపోవడం ఏం గొప్ప? ఆ బొమ్మ చూసి బయల్దేరిన కుటుంబం ఒక రాత్రి నీళ్ళ మీద గడిపి, పొద్దున్నే నాలుగు ఫొటోలు దిగి, రావులపాలెంలో పూతరేకుల డబ్బాలు కట్టించుకుని హైవే ఎక్కేస్తుంది. కోనసీమ చూసొచ్చామని చెప్పుకుంటుంది కూడా.

కె.గంగవరం మండలం ఆ దారిలో తగలదు. పాత లెక్కన చూస్తే ఇది కోనసీమే కాదు. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న నేల కోనసీమ. ఈ మండలం గౌతమికి ఈవల, రామచంద్రపురం వైపు ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు అమలాపురం కేంద్రంగా వచ్చిన జిల్లాలో కలిసింది. అంటే ఇక్కడి రైతు కలెక్టరాఫీసుకి వెళ్ళాలంటే గోదావరి దాటాలి: కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగడమో, రావులపాలెం మీదుగానో యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో చుట్టు తిరగడమో. జిల్లా మారింది గాని పర్యాటక పటం మారలేదు. ఈవలి గట్టుకు వచ్చినవాడు ఏం చూస్తాడు, ఏం కొంటాడు, వేసవి సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తే వాడి పొద్దెలా గడుస్తుంది అన్న ప్రశ్నలు ఇప్పటికైనా వేసుకోవాలి.

ఐరోపా రాజధానులు ఏటా వేసుకునే ప్రశ్నలే ఇవి. ఉదాహరణకు పారిస్‌ని తీసుకుందాం. మరీ పరాయి ఊరేం కాదు, కె.గంగవరానికి దిగువన, ఇదే గౌతమి ఒడ్డునున్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలోనే ఉంది. పారిస్ నగరపాలక సంస్థ 2002 నుంచి ఏటా జులై, ఆగస్టు నెలల్లో సెన్ నది గట్టున గొడుగులు పాతి, పడక కుర్చీలు వేసి, జనానికి ఆటపాటలు ఏర్పాటు చేస్తోంది. మొదటి ఏళ్ళలో అయితే లారీలతో ఇసుక తోలించి మరీ బీచి చేసింది. సముద్రతీరానికి వెళ్ళే స్తోమత లేనివాళ్ళు కూడా వేసవి అనుభవించాలన్నది ఉద్దేశం. 1923 నుంచి నిషేధంలో ఉన్న నదీస్నానాన్ని 2025 జులైలో మళ్ళీ అనుమతించింది. అందుకోసం నదిని బాగుచేయడానికి దాదాపు 140 కోట్ల యూరోలు ఖర్చయ్యాయి.

కోటిపల్లిలో నదీస్నానం ఏనాడూ ఆగలేదు. ఇసుక ఎవరూ తోలించనక్కర్లేదు, ఎండలు ముదిరేసరికి గోదావరే మేటలు వేసి పెడుతుంది. ఇక్కడ కావలసింది నీడ, తాగడానికి నీళ్ళు, ఆడవాళ్ళు తడిబట్టలు మార్చుకోవడానికి గడియ పనిచేసే గది. వందల కోట్ల పనులు కావివి.

చూడవలసినవాటిలో కోటిపల్లే మొదటిది, ఈ మండలానికి పేరు తెచ్చినదీ అదే. గురుపత్ని విషయంలో శాపం తగిలి కళ కోల్పోయిన చంద్రుడు ఇక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించి తన ఛాయ తిరిగి పొందాడనీ, అందుకే స్వామి ఛాయా సోమేశ్వరుడనీ స్థలపురాణం. అహల్య విషయంలో దోషం చేసిన ఇంద్రుడు కోటీశ్వరుణ్ణి, కశ్యపుడు సిద్ధి జనార్దనుణ్ణి ప్రతిష్ఠించారంటారు. చంద్రుణ్ణీ ఇంద్రుణ్ణీ బట్టి చూస్తే ఇక్కడికి వచ్చిన తొలి యాత్రికులు ఏదో తప్పు చేసి వచ్చినవాళ్ళే. ఇప్పటికీ జనం వచ్చేది దాదాపు ఆ పని మీదే: స్నానానికి, పితృకార్యాలకి, మొక్కులకి. శివరాత్రికి గట్టు మీద కాలు పెట్టే చోటుండదు. కార్తీకంలో తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు నీళ్ళ మీద బారులు తీరతాయి. మిగతా పది నెలలూ ఘాటు ఖాళీగానే ఉంటుంది, ఆదివారాలు తప్ప.

నన్నడిగితే గుడి కన్నా రేవు దగ్గరే ఎక్కువసేపు నిలబడమంటాను. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పంటు మీదికి ముందు మోటారుసైకిళ్ళు ఎక్కుతాయి, తర్వాత ఆటో, వీలైతే ఒక కారు. కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళికి వెళ్ళే పట్టుచీరలు, పుస్తకాల సంచులు, అన్నీ ఒకే బల్ల మీద. నడి గోదాట్లోకి వచ్చేసరికి ఎవరో ఒకరు నాణెం తీసి నీళ్ళలో వేసి దండం పెట్టుకుంటారు. ఒడ్డున నిలబడి “తర్వాతి పంటు ఎన్నింటికండి?” అని అడిగి చూడండి. “నిండితే వదిలేస్తామండి” అంటారు. వేళల పట్టిక ఉండదు. ఊరివాళ్ళకి అక్కర్లేదు, వాళ్ళకి తెలుసు. హైదరాబాదు నుంచి సాయంకాలం రైలు టిక్కెట్టు చేతిలో పెట్టుకుని వచ్చినవాడికి మాత్రం ఆ మాటతో కాళ్ళాడవు. వరద వస్తే పంటు కట్టేస్తారు. వేసవిలో నీరు తగ్గి తిన్నెలు తేలితే నీటి మీద ప్రయాణం కురచబడి ఇసుక మీద నడక పెరుగుతుంది. ఈ దాటడం ఒక్కటే చాలు ఒక పూట యాత్రకి. అయినా పర్యాటక కరపత్రాల్లో ఇది నాకెక్కడా కనబడలేదు.

కోటిపల్లికి రైలుదీ ఒక కథ ఉంది. కాకినాడ నుంచి 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. 1940లో యుద్ధ అవసరాలకని పట్టాలు పెరికి పట్టుకుపోయారు. అరవై ఏళ్ళకు పైగా ఉత్త కట్టే మిగిలింది. ఇదే ప్రాంతపు ఎంపీ జి.ఎం.సి.బాలయోగి లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో పునరుద్ధరణ ఊపందుకుంది. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు, లైను 2004లో మొదలైంది. దాని మీద ఒకే బోగీ రైలుబస్సు నడిచేది, పచ్చటి చేల మధ్య నుంచి నింపాదిగా. ఐరోపాలో అయితే అలాంటి బండికి టిక్కెట్టు నెల ముందు కొనుక్కోవాల్సి వచ్చేది. ఇక్కడ అది బస్సు కన్నా ఆలస్యమని ఊరివాళ్ళు ఎక్కలేదు, ఉందని తెలియక బయటివాళ్ళు రాలేదు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా మూడు గోదావరి పాయల్నీ దాటే సుమారు 57 కిలోమీటర్ల లైను 2000 ప్రాంతంలో మంజూరైంది. గౌతమిలో స్తంభాలు లేచాయి. వాటి మీద బండి వెళ్ళే రోజు కోసం ఒక తరం ఎదురుచూసింది.

ఇక్కడికి సుమారు పది కిలోమీటర్లలో ద్రాక్షారామం. పంచారామాల్లో ఒకటి, మాణిక్యాంబ కొలువున్న శక్తిపీఠం. తూర్పు చాళుక్య రాజు భీముడి పేరుతో ముడిపడిన గుడి. లింగం రెండంతస్తుల ఎత్తు. పాదాల్ని కింద నుంచి చూసి, మెట్లెక్కి పై అంతస్తులో శిరస్సుకి అభిషేకం చేస్తారు. కార్తీక సోమవారాల్లో ఆర్టీసీ పంచారామాల ప్రత్యేక బస్సులు ఒకే రోజులో అయిదు గుళ్ళూ తిప్పుతాయి. ఆ బస్సుల్లోంచి దిగేవాళ్ళకి దర్శనానికే సమయం చాలదు, మరి స్తంభాలవైపు ఎవరు చూస్తారు? ఈ గుళ్ళో వందల శాసనాలున్నాయి. అఖండ దీపానికి ఇన్ని గొర్రెలు ఇచ్చామని, ఆ గొర్రెల నేతితో దీపం ఆరకుండా చూడాలని చెక్కించిన దానాలు వాటిలో బోలెడు. చోళ చాళుక్యుల నాటి డెల్టా ఎలా బతికిందో చెప్పే లెక్కల పుస్తకం అంతా రాతి మీద ఉంది, చదివి చెప్పేవాళ్ళు ఉండరు. శాసనాలు చదవడం వచ్చిన తెలుగు ఎమ్మేలు మన విశ్వవిద్యాలయాల నుంచి ఏటా బయటికి వస్తున్నారు. అలాంటి ఇద్దరిని గంటకింత అని పెట్టుకుంటే దేవాదాయ శాఖ దివాలా తీయదు.

యానాం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దానికి ప్రచారం కొదవ లేదు. ఈఫిల్ టవరు తరహాలో గోదావరి గట్టున వంద మీటర్ల ఎత్తు కట్టిన గోపురం ఉంది. పారిస్ ప్రభావం ఇనుములో కనబడే చోటు అదొక్కటే. పాండిచ్చేరి పన్నుల పుణ్యమా అని సరిహద్దు దాటి అక్కడికి వెళ్ళేవాళ్ళలో గోపురం కోసం వెళ్ళేవాళ్ళెందరో, సీసాల కోసం వెళ్ళేవాళ్ళెందరో లెక్క తీయకపోవడమే మర్యాద. వెనకటికి కూడా యానాం బేరాలకే పేరుపడింది. ఫ్రెంచి హయాంలో అక్కడి మంగళవారం సంతకి ఇంగ్లీషు ఇలాకా నుంచి జనం బళ్ళు కట్టుకుని వెళ్ళి విదేశీ సరుకు తెచ్చుకునేవారు.

బేరం మాట వచ్చింది కాబట్టి ఒక తిరకాసు కూడా చెప్పుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా రాజధానులే ఇక్కడికి షాపింగుకి వచ్చాయి. యానాంలో ఫ్రెంచివాళ్ళు, ఆ పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ కొట్లు పెట్టుకుని కూర్చున్నది ఈ డెల్టా నేతగాళ్ళ బట్ట కోసమే. ఇప్పుడు కోటిపల్లి గుడి ముందు కొట్లు చూడండి: ప్లాస్టిక్ బొమ్మలు, గాజులు, రాగి ఉంగరాలు, ఫ్రేము కట్టిన దేవుళ్ళు. అన్నవరంలోనూ అవే, శ్రీశైలంలోనూ అవే. గోదావరి దాటితే బండారులంకలో మగ్గాలున్నాయి. అంబాజీపేటలో దేశమంతటికీ వెళ్ళే కొబ్బరి మార్కెట్టు, కొబ్బరి పీచు తాళ్ళు, చాపలు ఉన్నాయి. పంటు దిగితే దొరికే సరుకు పంటు ఎక్కి ఈవలికి మాత్రం రాదు. గుడి వీధిలో కనీసం రెండు కొట్లు నేత సంఘాలకి కేటాయించినా యాత్రికుడు ఈ నేలదే ఏదో ఒకటి ఇంటికి తీసుకుపోతాడు.

పూతరేకుల సంగతి వేరు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాంతో డబ్బాల మీద ఆ పేరు పెరిగింది, లోపల సరుకు అన్నింట్లోనూ పెరిగిందని చెప్పలేను. ఆత్రేయపురం వీధుల్లోకి వెళ్తే ఏది అసలో కంటితో చూడొచ్చు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పక్కన పల్చటి బియ్యప్పిండి పాలు. ఆ ఇల్లాలు గుడ్డని అందులో ముంచి కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటిన మరుక్షణం ఉల్లిపొర లాంటి రేకు విడివడి ఉంటుంది. రెండో సెకను ఆగితే మాడిపోతుంది. నెయ్యి, పంచదార లేదా బెల్లం పొడి ఆ తర్వాతి సంగతి. కొనేవాళ్ళకి నా సలహా: చుట్టిన డబ్బాల కన్నా ఉత్త రేకుల కట్ట కొనండి. చాన్నాళ్ళు నిలవ ఉంటుంది, నెయ్యి మీ ఇంటిదే ఉంటుంది. వేసవిలో వెళ్ళినవాళ్ళకి అదే ఊళ్ళో మామిడితాండ్ర. చాపల మీద రసం పూత మీద పూత పోస్తూ రోజుల తరబడి ఎండబెట్టడం ఆ రెణ్ణెల్లలోనే చూడగలరు.

తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా గురించి కొత్తగా చెప్పేదేం లేదు, రెండూ దారిలోనే. బట్టలకైతే ద్వారపూడి హోల్‌సేలు కొట్లు ఉండనే ఉన్నాయి. పారిస్‌లో ప్రభుత్వం తేదీలు ప్రకటించి జూన్ ఆఖరు నుంచి నాలుగు వారాలు వేసవి తగ్గింపు అమ్మకాలు జరిపిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర ఆషాఢం తగ్గింపులు. వాళ్ళది చట్టం, మనది శూన్యమాసం. కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టింటికి వెళ్ళే నెలలో కొట్లు ఖాళీగా ఉండకూడదని మొదలుపెట్టిన బేరం ఇప్పుడు పండగ సీజన్లతో పోటీపడుతోంది.

ఇక వేసవి. అసలు చిక్కు ఇక్కడే ఉంది, కరపత్రాలు చెప్పనిదీ ఇదే. కోనసీమ ఫొటోల్లో నిండుగా పారే కాలువలు ఏప్రిల్, మే నెలల్లో ఉండవు. దాళ్వా వరి ఇంటికి రాగానే ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేస్తారు. మరమ్మతులు, పూడికతీతలు అయ్యాక జూన్‌లో నీళ్ళు వదులుతారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ డెల్టా బతుకు ఆ తలుపులు ఎత్తడం, దించడం మీదే నడుస్తోంది. పాఠశాలలకు సెలవులిచ్చే వేళకే కాలువలకీ సెలవన్నమాట. పిల్లలకి కాలువలో పడవ చూపిద్దామని మే నెలలో వచ్చిన తండ్రికి బురద, గుర్రపుడెక్క, ఎండిన గట్లు కనబడతాయి. ఆ పైన ఉక్క. గాలిలో ఉప్పు తేమ, చొక్కా వీపుకి అంటుకుపోతుంది.

అయితే ఉత్సవాలు లేవా అంటే, ఉన్నాయి. శ్రీరామనవమికి ఊరూరా పందిళ్ళు, పానకం, వడపప్పు, రాత్రికి కార్యక్రమం. ఒకప్పుడు ఆ పందిట్లో పద్యనాటకం, ఇప్పుడు ఎక్కువగా ఆర్కెస్ట్రా. చైత్ర శుద్ధ ఏకాదశికి ఆత్రేయపురం మండలం వాడపల్లిలో వేంకటేశ్వరుడి రథోత్సవం. ఈ ఉత్సవానికి భక్తి కాక ఇంకో చరిత్ర ఉంది. 1931 మార్చి 30న రథం మీద గాంధీ బొమ్మ పెట్టి లాగుతామని జనం పట్టుబట్టారు, పోలీసులు కాల్చారు, నలుగురు చనిపోయారు. ఏడు శనివారాల మొక్కుతో ఇప్పుడు వాడపల్లికి వేలల్లో వస్తున్నవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఐరోపాలో ఏ నగరమైనా అలాంటి చోటికి ఒక వేసవి సాయంకాలపు నడక, చెప్పేవాడు, చిన్న ప్రదర్శన పెట్టేది. మనకి ఏడాదికోసారి పూలదండ.

పెద్ద జాతరలన్నీ చలికాలానివే. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రుల ప్రభలు వస్తాయి. పచ్చటి వరిచేలనీ కౌశిక నదినీ దాటించి భుజాల మీద మోసుకొచ్చే ఆ దృశ్యమే 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటమై ఢిల్లీ వెళ్ళింది. మాఘంలో అంతర్వేది కల్యాణం, ఆ తర్వాత కోటిపల్లి శివరాత్రి. సంక్రాంతి కోడిపందేల్ని ఉత్సవాల జాబితాలో వేయను. కోర్టులు వద్దన్నవి వద్దన్నట్టే. తొలకరి తర్వాత ఎర్రనీరు వస్తే పులస చేపల బేరం, దాని కోసం పుస్తెలమ్మినా తప్పులేదనే ఊళ్ళివి.

అంటే ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉంది. అది పంచాంగంలో తిథిగా ఉంటుంది, బయటివాడికి కావలసింది తేదీ. లండన్‌లో జులై మధ్యలో మొదలయ్యే ప్రామ్స్ కచేరీల పట్టిక వసంతంలోనే అచ్చవుతుంది. ఆ ఆనవాయితీ 1895 నాటిది. మన అంతర్వేది తీర్థం అంతకన్నా పాతది. తిథుల్ని తేదీలుగా మార్చి, ఏ రోజు ఏ రేవు కడతారో, ఏ బస్సు ఎక్కడి నుంచో ఒక్క కాగితం మీద ఉగాది నాటికి అచ్చు వేయడానికి సిద్ధాంతిగారూ ఆర్టీసీ డిపో మేనేజరూ ఒక పూట కూర్చుంటే చాలు.

డబ్బు రావడం లేదనీ అనలేం. రాజమండ్రిలో 1997లో విశ్రాంతి ఇచ్చిన హేవలాక్ వంతెననీ పుష్కరఘాటునీ కలిపి చేపట్టిన అఖండ గోదావరి పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది, ఖర్చు దాదాపు 94 కోట్లు. మంచిదే. గోదావరి యాత్ర అంటే రాజమండ్రి, దిండి అన్న రెండు కొసలే మనసులో ఉంటే నడుమ ఉన్న కోటిపల్లికి ఎప్పుడూ మిగిలేది సున్నం, తోరణాలు. పన్నెండేళ్ళకోసారి మాత్రం గుర్తుకొస్తుంది. 2015 పుష్కరాల్లో రాజమండ్రిలో మొదటి రోజే తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. జనాన్ని ఒక్క ఘాటు మీదికి తోలితే ఏమవుతుందో అప్పుడు చూశాం. జనాన్ని పంచుకోగల రేవులు దిగువన ఉన్నాయి. వాటిలో కోటిపల్లి ముఖ్యమైనది.

మళ్ళీ పుష్కరాలు 2027లో. జిల్లా యంత్రాంగానికి నా విన్నపం రిసార్టు గురించి కాదు. రేవులో పంటు వేళలు తెలుగులో రాసిన బోర్డు, పంటులో అందరికీ లైఫ్‌జాకెట్లు, ఘాటు మీద శాశ్వతమైన నీడ, ఏడాది పొడుగునా తాళం తీసి ఉండే మరుగుదొడ్లు, ద్రాక్షారామంలో శాసనాలు చెప్పే మనిషి. ఇవి పుష్కరాల పన్నెండు రోజులకి కాక నిత్యానికి ఏర్పాటు చేస్తే, మొక్కు కోసం వచ్చినవాడు ఇంకో పూట ఉంటాడు. వాడు ఉంటే వాడి వెనక టూరిస్టూ ఉంటాడు. కేరళని తెచ్చి ఇక్కడ పాతనక్కర్లేదు.

ఈలోగా రాదల్చుకున్న పాఠకులకు: వీలుంటే కార్తీకం నుంచి శివరాత్రి లోపల రండి. వేసవిలోనే తప్పదంటే తెల్లారే లోపు కోటిపల్లి స్నానం, పొద్దు పొడిచేసరికి పంటు, గుడి మధ్యాహ్నం మూసే లోపు ద్రాక్షారామం పెట్టుకోండి. ఎండ వేళ ఎక్కడో ఒక చోట ముంజలు తింటూ కూర్చోండి. రాత్రి బసకి కోటిపల్లిని నమ్ముకోవద్దు. రామచంద్రపురంలోనో కాకినాడలోనో గది ముందే చెప్పుకోండి.